చుక్క లెక్క

బల్మూరు తాసిల్ ఆఫీసు ఎనక, ముళ్లకంచె లోపల
మోకాలెత్తు రేకు గరాటు ఒకటున్నది.
పొద్దుగాల ఎనిమిదిన్నరకు దాని మూత ఇప్పి
లోపలి సీసాను కొలగ్లాసుల వంచుడు నా కొలువు.
పదకొండేండ్లు.
రాసినయి ఎక్కువ సున్నాలే.

మబ్బులు రావని కాదు.
పడమటికెళ్లి వస్తయి, నిండు సూడితోని వస్తయి,
మా కందిచేన్ల మీద నీడలు ఈడ్సుకుంట పోతయి.
పోయి పోయి నల్లమల గట్టుకు తాకుతయి.
అక్కడ నిలువునా ఎక్కాలె గద,
ఒకదాన్నొకటి ఒత్తుకుంటయి, సల్లబడ్తయి.
"అమ్రాబాదుల ముప్పై రెండు మిల్లీమీటర్లు"
ఫోన్ల చెప్తడు ఆడ రాసే లక్పతి.
నవ్వు ఆపుకుంటనే చెప్తడు, మంచోడు.

భాద్రపదం అమాస. కరెంటు పోయింది.
హైస్కూలు పర్వతాలు సారు, నేను, డాబా మీద.
నెత్తి మీద పాలపుంత తెల్లగ పారుతున్నది.
సారు ఫోన్ల ఒక బొమ్మ చూపిండు:
ఎవరో దూరపు పుంత, మీదికెళ్లి చూస్తే సుడి,
రెండు రెక్కలు గిర్రున మలిగి.

నాకు ఒక్కటే అనుమానం.
లోపలియి జల్ది చుట్టొస్తయంటివి
బయటియి ఎనకబడ్తయంటివి,
మరి నులక లెక్క చుట్టుకపోయి
ఈపాటికి ఉండ కావాలె గద సారూ, ఆ రెక్కలు?

సారు బీడీ ఆర్పిండు.
"అవి రెక్కలు కావు. ఇరుకు.
పుంతంటే ఏంది? బండ్లబాట.
బండ్లు పోతయి. బాట పోతదా?
ఇరుకు గూడ తిరుగుతది గని, నిమ్మళంగ.
చుక్కలు దాంట్ల జొచ్చి అవతల పడ్తయి,
వాటికేం గాదు.

మబ్బు సంగతి వేరు.
ఉరికొచ్చి ఇరుకుల తల కొట్టుకుంటది,
ముందటిది జరగదు, ఎనకటిది ఆగదు."
రెక్క లోపలంచుకు కాటుక తీర్గ ఒక గీత,
ఆడ ఏలు పెట్టిండు.
"గీడ గట్టిపడ్తది.
సల్లగుంటెనే కూలుతది, తన బరువు తనే మొయ్యలేక.
కూలినంక మండుతది.
గదే చుక్క."

నాకు నవ్వొచ్చింది.
రాలేది చుక్కనే, మెరిసేది చుక్కనే.
ఈ రెండిటికి ఒక్క పేరు పెట్టిన మనిషెవరో
ఎండిన బాయి గట్టున కూసొని
రాత్రంత పైకి చూసినోడే అయ్యుంటడు.

"పెద్ద చుక్కలు నీలంగ మండి
ఇరుకు దాటకముందే పేలిపోతయి,
అందుకే ఆ తొవ్వకు అంత ఎలుగు.
చిన్నయి, మన సూర్యుడసొంటియి,
పొదుపుగ కాల్సుకుంట బయటపడ్తయి.
ఎక్కడ పుట్టినయో వాటికే యాదుండది."

సారూ, ఒక మాట.
గట్టే వాన కురిపిస్తదా?
లేకుంటే, కురిసే మబ్బుల్ని జమ మాత్రం చేస్తదా?

శానసేపు మాట్లాడలే.
"గండ్ల ఇంక కొట్లాట నడుస్తున్నది" అన్నడు,
"కొందరు ఇదంటరు, కొందరదంటరు.
రెండూ ఉండొచ్చు."

మరి మనమెక్కడున్నం, ఏ గట్టు కింద?

"రెండు పెద్ద రెక్కల నడుమ
ఓ చిన్న కొమ్మ మీద."

అంటే బల్మూరే.

కరెంటొచ్చింది. పుంత మాయమైంది.
కిందింట్ల టీవీ ఉలిక్కిపడి లేసింది.

తెల్లారి ఎనిమిదిన్నర.
సీసా అడుగున తడి.
వంచితే కొలగ్లాసు గోడకంటుకొని
కింది గీత దాకా గూడ దిగలే.
మంచో, రాత్రి దాటిపోయిన మబ్బు చెమటో.
సున్నా అని రాస్తే అబద్ధం.
పాయింటు ఒకటి అని రాసినా అబద్ధమే.

కొలతకు రానిదానికి
మా రిజిస్టర్ల ఒక మాటున్నది, ఎవరూ చదవరు.
పెన్ను విదిలించి
ఆ గడిల రాసిన:
జాడ.